తోరాలో నిర్ణయం, సలహా: మోషే న్యాయపీఠం నుంచి రబ్బీల సభ వరకు

యూదుల పవిత్ర గ్రంథాల్లో మొదటి స్థానం తోరాది. ఆదికాండం, నిర్గమకాండం, లేవీయకాండం, సంఖ్యాకాండం, ద్వితీయోపదేశకాండం అనే ఐదు పుస్తకాలు ఇందులో ఉన్నాయి. క్రైస్తవుల పాత నిబంధన కూడా వీటితోనే మొదలవుతుంది కాబట్టి తెలుగు పాఠకులకు ఈ పేర్లు కొత్తవి కావు. తోరా అనగానే ఆజ్ఞలు గుర్తుకొస్తాయి. దేవుడు చెప్పాడు, మోషే విన్నాడు, ప్రజలకు వినిపించాడు. ఇందులో మరొకరిని అడిగి తెలుసుకోవడానికి చోటెక్కడ? అయితే తగవులు, తీర్పులు వచ్చే అధ్యాయాలను విడిగా తీసి చదివితే వేరే సంగతి బయటపడుతుంది. అధికారం చేతిలో ఉన్నవాడు ఒంటరిగా, తొందరపడి నిర్ణయించకుండా ఆపే ఏర్పాట్లు వాటిలో పదేపదే కనిపిస్తాయి.

మామ చెప్పిన మాట

నిర్గమకాండం 18వ అధ్యాయం చూడండి. ఈజిప్టు దాస్యం నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులు ఎడారిలో గుడారాలు వేసుకుని ఉన్నారు. మోషే మామ యిత్రో తన కూతురినీ ఇద్దరు మనవళ్లనూ వెంటబెట్టుకుని అక్కడికి వస్తాడు. మర్నాడు అల్లుడు చేసే పని చూస్తాడు. మోషే ఒక్కడే కూర్చుని తగవులు తీరుస్తుంటే, జనం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుట్టూ నిలబడి ఉన్నారు. ఇది మంచి పద్ధతి కాదని యిత్రో ముఖం మీదే చెప్పేస్తాడు. ఆయన చూపిన కారణం గమనించదగ్గది. మోషే అలసిపోతాడని మాత్రమే కాదు, ఎదురుచూసే జనం కూడా నలిగిపోతారని అన్నాడు. గొర్రె విషయంలో తగవు పడినవాడు రోజంతా ఎండలో నిలబడాల్సి వస్తే, చివరికి వచ్చిన తీర్పు సరైనదే అయినా అతనికి ఏమి ఒరిగినట్టు?

యిత్రో సూచించిన మార్గం ఇది: వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్క అధికారిని నియమించాలి. చిన్న తగవులు వారే తీర్చాలి, కఠినమైనవి మాత్రమే మోషే దగ్గరకు రావాలి. ఆ అధికారులు సమర్థులు, దైవభీతి గలవారు, సత్యం పలికేవారు, లంచాన్ని అసహ్యించుకునేవారు అయి ఉండాలి. ఏ గోత్రం వారై ఉండాలన్న షరతు ఈ అధ్యాయంలో లేదు. మోషే ఆ సలహాను అలాగే అమలు చేశాడు.

యిత్రో ఇశ్రాయేలీయుడు కాడు. అతడు మిద్యాను యాజకుడు. సంఖ్యాకాండంలో మిద్యానీయులు శత్రువులుగా కనిపిస్తారు, వారితో యుద్ధం కూడా జరుగుతుంది. అయినా పరాయి జాతివాడి సలహాతో న్యాయవ్యవస్థ ఏర్పడిందన్న కథను తోరా దాచలేదు. పైగా పది ఆజ్ఞలు వచ్చేది దీని తర్వాతే, 20వ అధ్యాయంలో. యూదులు తోరాను వారానికో భాగం చొప్పున చదువుతారు. పది ఆజ్ఞలున్న భాగానికి పేరు మోషేది కాదు, యిత్రోది.

ఒకే సంఘటన, రెండు కథనాలు

ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో మోషే ఇదే సంగతిని మళ్లీ చెప్తాడు. అక్కడ యిత్రో ఊసే లేదు. భారం ఒక్కడినే మోయలేనని మోషే స్వయంగా గుర్తిస్తాడు, ప్రజలను అడుగుతాడు, వారు సమ్మతిస్తారు. ఎంపికకు కొలమానం కూడా మారింది. ఇక్కడ జ్ఞానం, వివేకం, ప్రజల్లో గుర్తింపు ముఖ్యం. ద్వితీయోపదేశకాండం ప్రధాన భాగాన్ని చాలామంది పరిశోధకులు క్రీ.పూ. 7వ శతాబ్దపు యూదా రాజ్యంతో, ముఖ్యంగా యోషీయా రాజు కాలంతో ముడిపెడతారు. తమ వ్యవస్థలకు తమవారినే మూలంగా చూపాలన్న కోరిక ఈ మార్పులో ఉండవచ్చు. అయితే నష్టంతో పాటు లాభమూ ఉంది. సలహాదారు మాయమైనా, నిర్ణయానికి ప్రజల సమ్మతి అవసరమన్న ఆలోచన చేరింది. పరదేశికి కూడా అదే న్యాయం జరగాలన్న మాటా ఇక్కడే ఉంది.

అడిగినంత మాత్రాన మంచి సలహా దొరుకుతుందని తోరా చెప్పదు. కనాను దేశాన్ని చూసి రమ్మని పంపిన 12 మందిలో 10 మంది భయపెట్టారు, ఇద్దరే ధైర్యం చెప్పారు. జనం ఎక్కువమంది మాట విన్నారు. ఫలితం 40 ఏళ్ల ఎడారి జీవితం.

దీనికి భిన్నమైనది సెలోపెహాదు కూతుళ్ల వ్యాజ్యం. కొడుకులు లేకుండా తండ్రి చనిపోయాడు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఐదుగురు అక్కచెల్లెళ్లు పెద్దలందరి ముందు నిలబడి ఆస్తిలో వాటా అడిగారు. మోషే వెంటనే కాదనలేదు, అవుననీ అనలేదు. దేవుణ్ణి అడిగాడు. వారి మాట న్యాయమేనని జవాబు వచ్చి, చట్టమే మారింది. కథ అక్కడితో ముగియలేదు. ఆ భూమి వేరే గోత్రానికి పోతుందని వంశ పెద్దలు అభ్యంతరం తెలిపారు. దాంతో ఆ అక్కచెల్లెళ్లు తమ గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలన్న షరతు చేరింది. స్త్రీల హక్కును ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో బిగించారని ఈనాటి పాఠకులకు అనిపించడం సహజం. కానీ ఒకసారి చెప్పిన తీర్పును అభ్యంతరం విని సవరించవచ్చన్నది ఆ ప్రాచీన సమాజంలో చిన్న సంగతి కాదు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

ఒక్క సాక్షి మాట మీద ఎవరికీ మరణశిక్ష విధించరాదని, బాగా విచారించాలని ద్వితీయోపదేశకాండం ఆదేశిస్తుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసీ కూర్చిన మిష్నాలో ఈ ఆదేశం సవివరమైన విధానంగా మారింది. మరణశిక్షకు అవకాశమున్న కేసును 23 మంది న్యాయమూర్తులు వినాలి. విడుదలకు ఒక్క ఓటు ఆధిక్యం చాలు, శిక్షకు కనీసం రెండు కావాలి. విడుదల తీర్పును ఆ రోజే చెప్పవచ్చు, శిక్ష తీర్పును మాత్రం మర్నాటి దాకా ఆపాలి. ఆ రాత్రి న్యాయమూర్తులు ఇద్దరిద్దరుగా కూర్చుని, మితంగా తిని, ద్రాక్షారసం ముట్టకుండా చర్చించుకోవాలి. అభిప్రాయాలు చెప్పడం చిన్నవారితో మొదలవ్వాలి. పెద్దవారు ముందే మాట్లాడితే చిన్నవారు ఎదురు చెప్పడానికి జంకుతారు కదా.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని ధ్వంసం చేశారు. మిష్నా నాటికి యూదు సభలకు మరణశిక్ష విధించే అధికారం లేదని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. అందువల్ల ఈ నియమాలను కోర్టు రికార్డులుగా కాక, న్యాయం ఎలా జరగాలో రబ్బీలు ఊహించిన తీరుగా చదవడం మేలు. ఆ ఊహలో తీర్పు తర్వాత కూడా తలుపు మూసుకోదు. దోషిని తీసుకువెళ్తుంటే ముందు ఒకడు నడుస్తూ, అతని పక్షాన చెప్పగలవారెవరైనా ఉంటే రమ్మని చాటాలి. సభ వాకిట్లో ఒకడు గుడ్డ పట్టుకుని నిలబడాలి, అది కనిపించేంత దూరంలో మరొకడు గుర్రం మీద సిద్ధంగా ఉండాలి. ఎవరైనా కొత్త వాదన తెస్తే గుడ్డ ఊపుతారు, గుర్రం పరుగెత్తి దోషిని వెనక్కి తెస్తుంది. దోషే తన తరఫున చెప్పుకోవలసింది ఉందన్నా, అందులో పస ఉంటే నాలుగైదుసార్లయినా వెనక్కి తీసుకురావాలి.