మడ అడవి: మన పెద్దలకు తెలిసిన చరిత్ర

అడవి అనగానే మనకు నల్లమల, పాపికొండలు, అరకు గుర్తుకొస్తాయి. మచిలీపట్నం, గుడివాడ అంటే వరిచేలే కదా అనుకుంటాం. కానీ దివిసీమ చివర, నాగాయలంక, కోడూరు మండలాల దిగువన, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఒక అడవి ఉంది. అక్కడ కొండలుండవు, రాళ్లుండవు. రోజుకు రెండుసార్లు ఉప్పునీరు లోపలికి వచ్చి పోతుంది. అదే మడ అడవి. 1989లో ప్రభుత్వం సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర దీన్ని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. అయితే మన యానాదులకు ఈ అడవి అంతకు ఎంతో ముందు నుంచే తెలుసు.

ఉప్పునీటిలో బతికే చెట్లు

మడచెట్టు వేర్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి. ఎక్కువైన ఉప్పును ఆకులు బయటకు పంపుతాయి. ఉప్పుపొన్న గింజ చెట్టు మీదే మొలకెత్తి, ఆ తర్వాత బురదలో పడుతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఈ వేర్ల నడుమే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. నీళ్లలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లికీ ఇదే ఇల్లు.

మన వాళ్లు బురదలో పీత బొరియను చూసి, కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో మండపీతను బయటకు లాగుతారు. పున్నమికి, అమావాస్యకు పోటు ఎంత వస్తుందో లెక్క కట్టి అడవిలోకి దిగుతారు. వరికోతల కాలంలో డెల్టా పొలాల్లో ఎలుకల బొరియలకు పొగ పెట్టి రైతు పంటను కాపాడిందీ యానాదులే. ఏ బడిలోనూ నేర్పని చదువు ఇది.

ఉప్పెనలు, ఆనకట్టలు, చెరువులు

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి మన ఇళ్లలో నేటికీ చెప్పుకుంటారు. అంత పెద్ద అలను మడ అడవి పూర్తిగా ఆపలేదు. కానీ దాని ఉరవడిని తగ్గిస్తుంది, తీరం కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచుతుంది.

ఆ అడవికే తర్వాత కష్టం వచ్చింది. 1855లో విజయవాడ ఆనకట్ట, 1967లో నాగార్జునసాగర్ వచ్చాయి. డెల్టాకు పంట పండింది గానీ, నది మొగకు చేరే మంచినీరు, ఒండ్రు తగ్గాయి. 1980ల తర్వాత రొయ్యల చెరువులు తీరమంతా పరుచుకున్నాయి. తర్వాత అటవీ శాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ కలిసి, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఎండిన నేలకు పోటునీరు అందించి మళ్లీ మడను పెంచాయి.

యువతకు ఒక పని

ఈ చరిత్రలో మన పేరు ఎందుకు కనపడదు? బ్రిటిష్ కాలంలో కొందరు యానాదులను నేరస్థ జాతుల చట్టం కింద చేర్చారు. కాగితంలో పేరుకెక్కడం అంటే అనుమానితుడు కావడమే అయింది. ఆ చట్టం 1952లో రద్దయింది. కాగితమంటే భయం మాత్రం చాలా ఇళ్లలో ఇంకా ఉంది.

2006 అటవీ హక్కుల చట్టం మనకు మరో దారి చూపింది. నీటి వనరుల్లో చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కును అది గుర్తిస్తుంది. అభయారణ్యాలకూ వర్తిస్తుంది. గ్రామసభలో దరఖాస్తు పెట్టేటప్పుడు, ఊరి పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. ఆ ఒక్కటే చాలదు, కనీసం రెండు రకాల ఆధారాలు కావాలి. అయినా మన దగ్గర తప్పకుండా ఉన్న ఆధారం పెద్దల మాటే.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ తాతను, అమ్మమ్మను కూర్చోబెట్టి అడగండి. ఏ పాయలో పీత పట్టారు, ఏ దిబ్బ మీద పడుకున్నారు, ఆ చోటును ఏమని పిలిచారు, ఏ ఏడు నుంచి వెళ్తున్నారు? చెప్పినవారి పేరు, వయసు, తేదీతో సహా రాసుకోండి. ఫోనులో వారి గొంతు కూడా పట్టుకోండి. అడవిని మళ్లీ నాటవచ్చు. పెద్దవాళ్లు వెళ్లిపోయాక ఆ పేర్లు చెప్పేవారుండరు.