సియాల్దా నుండి ఆర్మీనియన్ ఘాట్ వరకు

1873 ఫిబ్రవరి 24న కలకత్తా వీధులలో గుర్రాలు లాగే ట్రాము బయలుదేరింది. సియాల్దా రైల్వే స్టేషను నుండి హుగ్లీ తీరాన గల ఆర్మీనియన్ ఘాట్ వరకు వేసిన ఆ మార్గం నిడివి 2.4 మైళ్లు మాత్రమే. తూర్పు బెంగాల్ నుండి రైలులో వచ్చే సరుకును రేవుకు చేర్చాలన్నది పాలకుల ఉద్దేశం. తగిన ఆదరణ లభించక, తొమ్మిది నెలలైనా నిండకముందే, నవంబరు 20న అది ఆగిపోయింది.

దీనిని వైఫల్యంగా పేర్కొని ముందుకు సాగడం పరిపాటి. నిజానికి విఫలమైనది సరుకుల ఆలోచన. వీధిలో పట్టాలు కాదు. 1880లో లండనులో నమోదైన కంపెనీ మళ్లీ గుర్రాలతోనే, ఈసారి ప్రయాణికుల కోసం ట్రాములు నడిపింది. కలకత్తా ఎండలకు ఆ మూగజీవాలు పడిన బాధ తక్కువది కాదు. 1902 మార్చి 27న ఎస్ప్లనేడు–ఖిదిర్‌పూర్ మార్గంలో విద్యుత్తు ట్రాము వచ్చింది.

ఆ పట్టాలు ఎవరివన్న ప్రశ్న స్వాతంత్ర్యానంతరం తలెత్తింది. 1953 జూలైలో, అప్పటికీ బ్రిటిష్ యాజమాన్యంలోనే ఉన్న కంపెనీ రెండవ తరగతి ఛార్జీని ఒక్క పైసా పెంచింది. పైసా అంటే నాడు అణాలో నాలుగవ వంతు. గుమాస్తాలు, కార్మికులు, విద్యార్థులు పాత ఛార్జీయే ఇస్తామని పట్టుబట్టారు. ట్రాములు తగలబడ్డాయి, పోలీసు కాల్పులు జరిగాయి. చివరకు పెంపుదల నిలిచిపోయింది. 1967లో నిర్వహణ, 1976లో యాజమాన్యం ప్రభుత్వపరమయ్యాయి.

2024 సెప్టెంబరులో, ఎస్ప్లనేడు–మైదానం మార్గం తప్ప మిగిలినవన్నీ ఉపసంహరిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ట్రాముల పరిరక్షణ కోరే పౌరులు అప్పటికే హైకోర్టును ఆశ్రయించి ఉన్నారు.