టొరెంట్ నత్తనడక వెనుక కథ

1986 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక వింత జరిగింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, దాని పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. ఈ రెండు చోట్ల ఉన్న కంప్యూటర్ల మధ్య సమాచారం సెకనుకు 32,000 బిట్ల వేగంతో సాగేది. అలాంటిది హఠాత్తుగా 40 బిట్లకు పడిపోయింది. ఒక అక్షరానికి 8 బిట్లు కావాలి. అంటే సెకనుకు అయిదు అక్షరాలన్నమాట! కాగితం మీద రాసుకుని నడిచి వెళ్లి ఇచ్చి రావడమే నయం. తీగ తెగలేదు, ఏ యంత్రమూ చెడిపోలేదు. మరి ఏమైంది?

కంప్యూటర్లు సమాచారాన్ని ప్యాకెట్లు అనే చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతాయి. పొట్లం అందగానే అవతలి కంప్యూటరు రసీదు పంపుతుంది. రసీదు రాకపోతే పొట్లం దారిలో పోయిందనుకుని ఇవతలిది మళ్లీ పంపుతుంది. ఇందులోనే చిక్కుంది. దారి కిక్కిరిసి రసీదు ఆలస్యమైనా, పోయిందనుకుని మళ్లీ పంపడమే. దాంతో రద్దీ ఇంకా పెరుగుతుంది. చివరికి దారి నిండా పాత పొట్లాల నకళ్లే! ఇలా జరగవచ్చని జాన్ నేగల్ అనే ఇంజనీరు 1984లోనే హెచ్చరించాడు. వాన్ జాకబ్సన్, మైకేల్ కారెల్స్ దీనికి విరుగుడు కనిపెట్టి 1988లో ప్రకటించారు. పంపేవాడు నెమ్మదిగా మొదలుపెట్టి, రసీదులు వచ్చేకొద్దీ వేగం పెంచాలి. పొట్లం పోయిందని తెలియగానే ఒక్కసారిగా బాగా తగ్గాలి. ఈ మర్యాద అన్ని కంప్యూటర్లూ పాటించబట్టే ఇంటర్నెట్ నిలబడింది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. టెలిఫోను తీగ మీద కీచుమని అరిచే మోడెములతో పెద్ద ఫైళ్ల ఊసే ఉండేది కాదు. వేగాలు పెరిగాక మరో కష్టం వచ్చింది. ఒకే సర్వరు దగ్గరికి వేలమంది ఎగబడితే, వంద విస్తళ్లకు ఒక్కడే వడ్డిస్తున్నట్లు ఉంటుంది. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ యువకుడు బిట్‌టొరెంట్ పద్ధతిని రూపొందించాడు. ఫైలును ముక్కలు చేసి, ముక్క అందినవాడు దాన్ని పక్కవాడికి ఇచ్చే ఏర్పాటు ఇది. పుచ్చుకునేవాడే ఇచ్చేవాడు కూడా, మన పేరంటాళ్ల వాయనాల్లాగా. అయితే ఉచితంగా తిని లేచిపోయేవాళ్లుంటారు కదా! అందుకు కోహెన్ ఒక నియమం పెట్టాడు. తనకు బాగా ఇస్తున్న కొద్దిమందినే ఎంచుకుని ప్రోగ్రాము వారికి ఇస్తుంది. సుమారు 10 సెకన్లకోసారి ఈ లెక్క సరిచూసుకుంటుంది. కొత్తవాళ్లకు అవకాశం ఉండాలి కనుక 30 సెకన్లకోసారి ఎవరో ఒకరికి లెక్క చూడకుండానే పెడుతుంది.

2004లో భారత ప్రభుత్వం సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలంది. ఆ తర్వాత మా ఇంటికీ ఒక కనెక్షను వచ్చింది. 700 మెగాబైట్ల లినక్స్ సీడీని టొరెంట్‌లో పెట్టి పడుకున్నాను. 256 కిలోబిట్లంటే 32 కిలోబైట్లే. బిట్లకూ బైట్లకూ తేడా మరిచి కనెక్షను ఇచ్చినవాళ్లను తిట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ లెక్కన ఆరుగంటల పైచిలుకు పట్టాలి. తెల్లారి చూస్తే సగం కూడా రాలేదు. నా కంప్యూటరు ఊళ్లోవాళ్లందరికీ పంచుతూ కూర్చుందని అప్‌లోడ్‌ను దాదాపు సున్నాకు తగ్గించాను. వేగం ఇంకా పడిపోయింది! కోహెన్ నియమం ప్రకారం నేను లోభినయ్యాను మరి.

పూర్తిగా వదిలేస్తే ఎందుకు తగ్గింది? ఆ కాలపు తీగల్లో వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు. పోయే దారిని పంపకాలతో నింపేస్తే, నాకు అందిన ముక్కల రసీదులు కూడా ఆ వరుసలోనే నిలబడాలి. రసీదు అందని అవతలివాడు 1988 నాటి మర్యాద ప్రకారం ఆగుతాడు. అప్‌లోడ్‌కు అయిదింట నాలుగు వంతుల హద్దు పెడితే రెండూ కుదిరాయి. మోడెము తయారీదారులు పొట్లాలు పోకూడదని పెద్ద జ్ఞాపకశక్తి పెట్టడంతో ఈ వరుసలు మరీ పొడవయ్యాయి. 2010లో జిమ్ గెటిస్ దీన్ని బయటపెట్టాడు. పొట్లం పోతేనే కదా, రద్దీ అని పంపేవాడికి తెలిసేది! అందుకే టొరెంట్ రచయితలు ఆలస్యాన్నే కొలిచే పద్ధతి తెచ్చారు. వరుసలో నిరీక్షణ సెకనులో పదో వంతు దాటితే టొరెంట్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. 2012లో ఇది ఇంటర్నెట్ ప్రమాణపత్రాల్లో చేరింది.

కొన్నిసార్లు తప్పు మన ఇంట్లో ఉండదు. 2007లో రాబ్ టొపోల్‌స్కీ అనే నెట్‌వర్కు పరీక్షకుడు పాతకాలపు పాటలు పంచుకుంటుంటే సంబంధాలు పదే పదే తెగిపోయాయి. ఆయన పొట్లాలను ఒక్కొక్కటిగా విప్పి చూశాడు. అవతలివాడు పంపని ‘ఇక చాలు’ సందేశాలు అవతలివాడి పేరుతో వస్తున్నాయి. పంపుతున్నది కామ్‌కాస్ట్ సంస్థ. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కూడా పరీక్షించి అదే నిజమని తేల్చింది. రద్దీని అదుపు చేయడానికేనని సంస్థ వాదన. రద్దీ నిజమే కావచ్చు, కానీ దొంగ సంతకంతో ఉత్తరం రాయడం వేరు. 2008లో అమెరికా సమాచార కమిషన్ తప్పుపట్టింది. 2010లో న్యాయస్థానం, కమిషన్‌కు ఆ అధికారం లేదని కొట్టేసింది. మన దేశంలో అన్ని రకాల సమాచారాన్నీ సమానంగా చూడాలన్న సూత్రాలను 2018లో ప్రభుత్వం ఆమోదించింది.

నేటి ఫైబరు కనెక్షన్లలో పోయే దారి కూడా వెడల్పే. కానీ చిరునామాల కొరత వల్ల ఎన్నో ఇళ్లు ఒకే ఇంటర్నెట్ చిరునామాను పంచుకుంటున్నాయి. బయటివాళ్లు నేరుగా మన తలుపు తట్టలేరు. తలుపులు మూసుకున్న ఇద్దరు కలవడం మరీ కష్టం. ఐపీవీ6 చిరునామాలున్న చోట ఈ ఇబ్బంది తక్కువ. మీ టొరెంట్ నెమ్మదిస్తే ముందు, ఎక్కువమంది పంచుతున్న ఏదైనా లినక్స్ ఫైలును తెచ్చి చూడండి. అది పూర్తి వేగంతో వస్తే మీ తీగ బాగున్నట్లే. మీరు కోరిన ఫైలును పంచేవాళ్లే కరవయ్యారు.