ఉప్పెన వేళ ఊరి నడక: కోరంగి నుంచి పూరీ వరకు

తుఫానుల చరిత్ర రాసేవారు గాలి వేగాన్నీ, అల ఎత్తునూ, మృతుల సంఖ్యనూ నమోదు చేస్తారు. ఊరి జనం ఎప్పుడు కదిలారు, ఏ దారిన నడిచారు, ఎక్కడ ఆగారు అన్న సంగతి ఆ లెక్కల్లో సాధారణంగా కనిపించదు. ప్రాణాలు నిలవడం, పోవడం మాత్రం చాలావరకు ఆ నడకమీదనే ఆధారపడింది. బంగాళాఖాతం తీరాన తెలుగువారున్న ఊళ్ళలో రెండు శతాబ్దాలుగా ఈ నడక ఎలా మారిందో ఇక్కడ పరిశీలిద్దాం. దానికి మూడు కావాలి: ముందుగా తెలియడం, చేరడానికి చోటు ఉండడం, చెప్పిన మాట అర్థం కావడం. మొదటి రెండింటి చరిత్ర కొంత తెలిసిందే. మూడోది భాషకు సంబంధించింది కనుక మన దృష్టి ప్రధానంగా దానిపైనే ఉండాలి.

యానాం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన దాన్ని ముంచింది. 1839లో మూడు లక్షలమంది చనిపోయారని పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తూ వచ్చాయి. ఆ అంకెను చరిత్ర విద్యార్థి అనుమానంతోనే చూడాలి. అనుమానం లేని విషయం, ఆ రేవు మళ్ళీ కోలుకోలేదన్నది. ఆ తుఫానును పరిశీలించి రాసిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్టనే తరువాత ‘సైక్లోన్’ అనే మాటను ఏర్పరచాడు. పాము చుట్టను సూచించే గ్రీకు పదం దానికి మూలం. ఆయన శాస్త్రం ప్రధానంగా నావికులకోసం పుట్టింది. ఓడ ఎటు తిప్పాలో అది చెప్పింది. ఒడ్డున ఉన్న మనిషి ఎటు నడవాలో చెప్పలేదు.

1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నంలో ఈ లోటు స్పష్టంగా బయటపడింది. పట్టణమూ చుట్టుపక్కల పల్లెలూ పల్లపు నేలమీద ఉన్నాయి. చీకట్లో సముద్రం మీదికి వచ్చినప్పుడు ఎక్కడానికి మెరక లేదు, వెళ్ళడానికి వేళ లేదు. సుమారు 30 వేలమంది చనిపోయారు. దానికి నెలముందే, అక్టోబరు 5న, కలకత్తా కూడా తుఫానుకు గురయింది. 1865లో కలకత్తా రేవులో హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. నేటికీ మన పత్రికల్లో కనిపించే ‘పదో నంబరు ప్రమాద సూచిక’ ఆ రేవుల సంప్రదాయానిదే. అదీ ఓడలకోసం పుట్టిన సంకేతమే. ఊరి జనం దాన్ని తమకు తోచినట్టు చదువుకోవడం నేర్చుకున్నారు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి రేడియో ఉంది, హెచ్చరికలూ ఉన్నాయి. గట్టి కప్పు మాత్రం చాలా పల్లెల్లో లేదు. పదివేలమంది దాకా చనిపోయారు. ఆ తరువాతే స్తంభాలమీద నిలిచే తుఫాను షెల్టర్లు తీరం పొడవునా విస్తృతంగా లేచాయి. 1990 మేలో అంతే తీవ్రమైన తుఫాను కోస్తాను తాకినప్పుడు లక్షలమందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి అటూ ఇటుగా ఆగింది. ఒడిశాలోనూ ఇదే పాఠం తిరిగి నేర్చుకోవలసి వచ్చింది. 1999 అక్టోబరు 29 నాటి మహా తుఫానులో దాదాపు పదివేలమంది పోయారు. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర ఫైలిన్ తీరం దాటినప్పుడు పది లక్షలమంది ముందే కదిలారు. ఒడిశాలో మృతులు యాభైలోపే.

పట్టణంలో నడక సమస్య వేరు. దూరం తక్కువే అయినా దారి నమ్మదగినది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని నేరుగా తాకింది. చెట్లు, కరెంటు స్తంభాలు, ప్రకటనల బోర్డులు వీధులకు అడ్డంగా పడ్డాయి. తుఫాను కన్ను ఊరిమీదుగా పోతున్నప్పుడు గాలి ఆగిపోతుంది. అంతా అయిపోయిందని బయటికి వచ్చినవారిపైకి, కొంతసేపటికి, ఎదురు దిక్కునుంచి మళ్ళీ గాలి విరుచుకుపడుతుంది. ఎప్పుడు బయలుదేరాలన్నదే కాక, ఎప్పుడు కదలకూడదన్నదీ పాదచారికి తెలియాలి. తెగిన తీగ, ఎగిరే రేకు, నీటిలో కనబడని కాలువ గాలి తగ్గిన తరువాత కూడా ప్రాణాలు తీస్తాయి.

ఇక మాట సంగతి. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్ నగరాన్ని హైయాన్ తుఫాను ముంచింది. సముద్రపు పోటు గురించి ముందే ఆంగ్లంలోని శాస్త్ర పదంతో హెచ్చరించారు. ఆ పదం చాలామందికి అర్థం కాలేదనీ, ‘సునామీ’ అని ఉంటే పారిపోయేవాళ్ళమనీ బతికినవారు చెప్పారు. ఆ దేశంలో ఆరువేలకు పైగా మరణించారు. వార్త అందింది, భయం అందలేదు. తెలుగులో ఆ లోటు లేదు. గాలికి తుఫాను, గాలివాన. మీదికి వచ్చే సముద్రానికి ఉప్పెన. ‘ఉప్పెన’ అనగానే తీరంవాసికి ఎటు పోవాలో కూడా స్ఫురిస్తుంది: మెరకకు, దిబ్బకు, మిట్టకు.

అయితే హెచ్చరిక ఆ మాటతో రాని తెలుగువారు ఉన్నారు. పూరీలో సముద్రపుటొడ్డున పెంఠకట ఉంది. ఇరుకు సందుల్లో వేలాది తెలుగు మత్స్యకార కుటుంబాలు అక్కడ ఉంటున్నాయి. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటింది. ఒడిశాలో పన్నెండు లక్షలమందిని తరలించారు. 26 లక్షల ఫోను సందేశాలు పంపారు. 43 వేలమంది స్వచ్ఛంద సేవకులు పనిచేశారు. మృతులు 64, 1999తో పోలిస్తే ఇది గొప్ప విజయమే. కాని ఒడియా ప్రకటనలో ‘బాత్య’ అని వినబడేది ఇంట్లో అవ్వ నోట ‘గాలివాన’. చెన్నైలో అదే ‘పుయల్’. బడికి వెళ్ళిన పిల్లలకు రెండు మాటలూ తెలుసు. అవ్వకు ఒకటే తెలిసి ఉండవచ్చు. అటువంటి ఇంట్లో హెచ్చరికకు, నడకకు మధ్య నిలిచేది ద్విభాషి అయిన ఆ బిడ్డే.

కనుక తీరప్రాంతాల్లోని మన విద్యార్థులకు ఒక పని సూచిస్తున్నాం. మీ వాడలోని పెద్దలను అడగండి. వెనకటి గాలివానకు ఎటు నడిచారు, ఏ గుడిలో, ఏ బడిలో తలదాచుకున్నారు, ఏ సందులో నీరు ముందు నిలిచింది, దేన్ని ఏమని పిలిచారు? రాసుకోండి. ఆ దారులు ఒకసారి మీరే నడిచి, ఎంతసేపు పట్టిందో గుర్తించండి. ముసలివాళ్ళకు, చంటిపిల్లల తల్లులకు ఇంకెంత పడుతుందో లెక్క వేయండి. ఆ కాగితాన్ని తెలుగులోనూ, మీ రాష్ట్ర భాషలోనూ రాసి వార్డు కార్యాలయానికి ఇవ్వండి. భాషా పరిశోధనకు అది మంచి సామగ్రి. మళ్ళీ గాలి లేచిన రోజున అది మీ వాడకు అక్కరకు వస్తుంది.