ఒంగోలు గిత్త – గాజుపాత్ర

సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుదారిలో జనగామ దాటిన పిదప వచ్చు ఊరు రఘునాథపల్లి. ఆ ప్రాంతపు రైతు పశువును కొనునప్పుడు పండ్లు చూచును, సుడి చూచును, దాని తల్లి పాడిని విచారించును. ఈ చివరి ప్రశ్నయే పశుజాతుల చరిత్రకు మూలము. తల్లిదండ్రుల గుణము బిడ్డకు వచ్చునని ఎరిగిన మానవుడు, ఆ గుణమును తన కోరిక మేరకు మలచుకొనుటకు వేల యేండ్లుగా యత్నించుచున్నాడు. ఆ యత్నము నేడు గొడ్లచావడిని విడిచి గాజుపాత్రను చేరినది. ఈ కథలో మన తెలుగు గిత్తకును పాలు కలదు.

మొదటి మెట్టు కృత్రిమ గర్భధారణ. మన దేశమున 1939లో మైసూరు రాజప్రాసాదపు పాడిక్షేత్రమునందు సంపత్ కుమారన్ గారు దీనిని సాధించిరి. ఎదసూదిగా అది నేడు పల్లెలకు చిరపరిచితము. తరువాత శాస్త్రజ్ఞుల దృష్టి అండముపైకి మరలెను. ఒక ఆవు పిండమును మరియొక ఆవు గర్భమున నిలిపి దూడను పొందినట్లు 1951లో అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. గర్భమునకు వెలుపల ఫలించిన అండమునుండి తొలి దూడ 1981లో పెన్సిల్వేనియాయందు జన్మించెను.

పిండము చేతికందిన పిమ్మట, దానిలోని జన్యువును మార్చవచ్చునా యను ప్రశ్న రాక మానునా? 1990లో నెదర్లాండ్సున హెర్మన్ అను దూడ పుట్టెను. తల్లిపాలయందుండు లాక్టోఫెర్రిన్ అను మాంసకృత్తును ఆవుపాలలో పొందగోరి, మానవ జన్యువును పిండములోనికి సన్నని సూదితో ఎక్కించిరి. తీరా పుట్టినది కోడెదూడ! పాలకొరకు దాని సంతతికై వేచియుండవలసి వచ్చెను.

ఇక మన గిత్త సంగతి. పందొమ్మిదవ శతాబ్దమునుండి ఒంగోలు పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరినవి. చివరి పెద్ద ఎగుమతులు 1960వ దశకపు ఆరంభమున జరిగినవి. నెల్లూరు పేరుమీదుగా అచ్చట వానికి నెలోరే యని పేరు వచ్చెను. నేడు బ్రెజిల్ పశుసంపదలో అధికభాగము నెలోరే రక్తము కలదియే. ఎడింబరో చెంతనున్న రోస్లిన్ సంస్థవారును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి ఈ నెలోరే పిండములందే జన్యువును సవరించి దూడలను పుట్టించినట్లు 2015లో ప్రకటించిరి. ఆవు అండాశయమునుండి సూదితో అండములను తీసి, గాజుపాత్రలో శుక్రకణములతో కలిపి, పిండము ఏకకణముగా నున్నప్పుడే జన్యువును కత్తిరించు పదార్థమును లోనికి పంపిరి. కండ మితిమీరి పెరుగకుండ పగ్గము వేయు మయోస్టాటిన్ జన్యువు వారి గురి. ఇట్టి పిండమును సుమారు ఏడు దినములు పెంచి, వేరొక ఆవు గర్భమున నిలుపుదురు. అటుపై తొమ్మిదిన్నర నెలలు ప్రకృతిదే పని.

అయితే కత్తెర పదునైనంత మాత్రమున కుట్టు తిన్నగా నుండునని నమ్మరాదు. కొమ్ములు లేని పాడిపశువులకై అమెరికాలో సవరించిన కణములతో పుట్టించిన ఒక కోడెయందు, సూక్ష్మజీవుల జన్యుపదార్థము అనుకోకుండ చేరియున్నట్లు 2019లో ఆ దేశపు ప్రభుత్వ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానిని సృష్టించినవారు మొదట దానిని గుర్తింపనేలేదు.

మాకు తోచునది ఒక్కటి. ప్రయోగశాల ఒకటి రెండు జన్యువులను మార్చగలదు. ఎండకు ఓర్చుట, మోటమేతతో బ్రతుకుట, బరువు లాగుట మున్నగు గుణములు ఎన్నో జన్యువుల కూడిక. ఆ కూడికను తరతరాల తెలుగు రైతులు తమ చావళ్లలో కూర్చిరి. గుంటూరు చెంత లాం పరిశోధనా స్థానమున ఒంగోలు మందను నేటికిని పోషించుచున్నారు. అట్టి మందలు ప్రయోగశాలకు పోటీ కావు, దానికి పెట్టుబడి. బట్టయే చిరిగిపోయిన నాడు కత్తెర యెంత మేలుదైన నేమి? తల్లి పాడిని అడుగు రఘునాథపల్లి రైతు ప్రశ్నకు జవాబు చెప్పగల తల్లులు మన యింట మిగిలియుండవలెను.