క్యాలిపర్‌కు రంగు అబ్బిన దారి

చక్రం వెనక బ్రేకు డిస్కును పట్టి నొక్కే క్యాలిపర్లకు ఎర్రరంగు వేసుకునే కుర్రాళ్లను చూసి మా తరం మెకానిక్కులు కొందరు పెదవి విరుస్తారు. నాకు మాత్రం సంతోషమే. గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడిపినన్నాళ్లూ గమనించాను, బండి సొంతదారు తన బ్రేకును దగ్గరగా చూసేది ఆ రంగు వేసే రోజే. చక్రం విప్పి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకుతూ కాసేపు కూర్చుంటే ఆ ఇనుప ముక్క ఎంత పని చేస్తోందో తెలిసొస్తుంది. దాని వెనక 120 ఏళ్లు దాటిన కథ ఉంది.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. తిరిగే పలచటి డిస్కును రెండు పక్కలా నొక్కి ఆపాలన్నది ఆయన ఊహ. ఊహ సరైనదే కానీ నొక్కే ముక్కకు తగిన సరుకు అప్పటికి లేదు. లోహానికి లోహం రాసుకుని చెవులు చిల్లులు పడే మోత, తొందరగా అరుగుదల. గుర్రబ్బండ్లకు బ్రేకు దిమ్మలు చేసిన హెర్బర్ట్ ఫ్రూడ్, తన ఫెరోడో కంపెనీలో ఆస్‌బెస్టాస్ లైనింగులు చేయడంతో ఆ మోత అణిగింది. కానీ ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు. బ్రిటన్ ఆస్‌బెస్టాస్‌ను 1999లో నిషేధించింది. మా షెడ్లలో డ్రమ్ము ఊడదీయగానే కంప్రెసర్ గాలి కొట్టి దుమ్ము లేపడం రోజూ ఉండేది. ఆ దుమ్ములో పెరిగిన పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధ. అందుకే మా మేనల్లుడు తన కారు క్యాలిపర్లకు రంగు వేస్తానన్నప్పుడు ముందుగా ఒకటే చెప్పాను: "గాలి కొట్టొద్దురా, ఊదొద్దు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడువు. మాస్కు తియ్యకు."

లాంచెస్టర్ తర్వాత చాలాకాలం కార్లను ఏలింది డ్రమ్ము బ్రేకే. అరకు ఘాటీలో నాలుగు డ్రమ్ముల అంబాసిడర్ దింపినవాళ్లకు దాని కష్టం తెలుసు. తొక్కిన కొద్దీ డ్రమ్ము వేడెక్కి, సాగి, షూలకు దూరంగా జరుగుతుంది. పెడల్ కిందికి పోతుంది, బండి ఆగదు. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది, వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. విమానాల చక్రాలకు డిస్కు బ్రేకులు చేస్తున్న డన్‌లప్, జాగ్వార్‌తో కలిసి దాన్ని రేసు కారుకు తెచ్చింది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ సీ-టైప్ సగటున గంటకు 170 కిలోమీటర్లతో గెలిచింది. ఆ పందెంలో సగటు వేగం 100 మైళ్లు దాటడం అదే మొదలు. దాదాపు 6 కిలోమీటర్ల తిన్నని రోడ్డు చివర మిగతావాళ్లు ముందే బ్రేకు తొక్కుతుంటే, జాగ్వార్ డ్రైవర్లు ఇంకా ముందుకెళ్లి తొక్కగలిగారు. 1955లో డ్రమ్ములతోనే వచ్చిన మెర్సిడెస్, వేగం తగ్గించడానికి డ్రైవరు వెనక గాలికి అడ్డంగా లేచే రేకు తలుపు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో జనం ముందుకొచ్చింది.

అప్పటికి క్యాలిపర్‌కు రంగు అక్కర్లేదు. పోత ఇనుము, మహా అయితే పైన జింకో క్యాడ్మియమో పూత. చక్రపు రేకు, దాని మీద మూత ఉంటే లోపల చూసేదెవరు? ఇటలీలో బెర్గామో దగ్గర 1961లో పుట్టిన బ్రేకుల కంపెనీ బ్రెంబో కూడా మొదట చిన్న లేత్ షెడ్డే. ఇంగ్లండు నుంచి ఆల్ఫా రోమియోకు డిస్కులు తెస్తున్న లారీ బోల్తా పడితే, వంకరపోయినవాటిని సరిచేసే పని తమకు వచ్చిందనీ, అలా డిస్కుల తయారీలోకి దిగామనీ ఆ కంపెనీ వాళ్లు చెప్పుకుంటారు. 1975కల్లా ఫెరారీ ఫార్ములా వన్ కార్లకు సరుకిచ్చారు. అల్లాయ్ చక్రాలు వచ్చి ఆకుల సందుల్లోంచి బ్రేకు కనబడడం మొదలయ్యాక, 1990ల్లో పోర్షే టర్బోల ఎర్ర క్యాలిపర్లు కళ్లలో పడ్డాయి. తర్వాత పోర్షేలో రంగుకో అర్థం ఏర్పడింది: సిరామిక్ డిస్కులకు పసుపు, హైబ్రిడ్లకు లేత ఆకుపచ్చ, టంగ్‌స్టన్ కార్బైడ్ పూత డిస్కులకు తెలుపు.

విశాఖలో మాకు రంగు సోకు కాదు, అవసరం. ఉప్పుగాలికి పోత ఇనుము పొలుసులు లేస్తుంది. గేటుకు వేసే ఎనామిల్ ఆ వేడికి నిలవదు, క్యాలిపర్ల కోసం చేసిన పెయింటే కావాలి. జిడ్డు పూర్తిగా పోవాలి, పొరలు పలచగా పడాలి. జాకీని నమ్మకూడదు, బండి స్టాండ్ల మీద నిలవాలి. డిస్కుకు, ప్యాడ్లకు, పిస్టన్ రబ్బరుకు, స్లైడ్ పిన్నులకు రంగు తగలకూడదు. బ్రేక్ ఆయిల్ చుక్క పడితే ఆ చోట రంగు లేచిపోవచ్చు. ఏళ్లు గడిచాక ఎప్పుడైనా నిపుల్ దగ్గర రంగు ఉబ్బి కనిపిస్తే అక్కడ ఆయిల్ కారుతోందేమో చూసుకోవాలి. తుప్పు మీదైతే అది అంత తొందరగా కంటపడదు.

"ఏ రంగేద్దాం మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. నలుపు చెప్పాను. వాడు ఎరుపే తెచ్చుకున్నాడు. పిస్టన్ రబ్బరు చుట్టూ టేపు ఓపిగ్గా అతికించాడు, గుడ్డకు ఇక జిడ్డు అంటనంతవరకు తుడిచాడు. ఎడమ చక్రం లోపలి ప్యాడ్ అరిగి రేకు దాకా వచ్చిన సంగతి కూడా వాడే పట్టుకున్నాడు. రంగు ఆరేలోగా కొత్త ప్యాడ్లు తెచ్చి బిగించాం.