జూమ్ చేయని మ్యాప్, చార్టులో తప్పుపడిన దీవి: తీరం వెంట ఓడ ప్రయాణం ఎలా ప్లాన్ చేసేవాళ్లు?

ఫోన్‌లో మ్యాప్ తెరిచి రెండు వేళ్లతో లాగితే జూమ్ అవుతుంది కదా. ఆ పని సరిగ్గా చేయకపోవడం వల్ల 2014 నవంబర్ 29 రాత్రి ఒక పడవ పోయింది. అప్పట్లో వోల్వో ఓషన్ రేస్ అని పిలిచిన, ప్రపంచం చుట్టూ తిరిగే తెరచాప పడవల పోటీ ఉంది. అందులో టీమ్ వెస్టాస్ విండ్ అనే పడవ కేప్‌టౌన్ నుంచి అబుధాబికి వస్తూ, మారిషస్‌కి ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కరజోస్ అనే పగడపు దిబ్బల మీదకి ఎక్కేసింది. అందులో ఉన్న తొమ్మిది మందీ బతికారు. అదృష్టం.

అది పాతకాలపు పడవ కాదు. జీపీఎస్ ఉంది, ఎలక్ట్రానిక్ చార్టు ఉంది. చార్టులో దిబ్బ కూడా ఉంది! కాకపోతే జూమ్ తగ్గించి చూస్తే అక్కడ పదుల మీటర్ల లోతు ఉన్నట్టు కనిపించింది. బాగా దగ్గరికి లాగితే తప్ప దిబ్బ బయటపడదు. తర్వాత జరిగిన విచారణలో తేలింది కూడా ఇదే.

ఇప్పుడు 228 ఏళ్లు వెనక్కి వెళ్దాం. అదే హిందూ మహాసముద్రం. 1786లో అట్లాస్ అనే ఓడ బటావియా నుంచి, అంటే నేటి జకార్తా నుంచి, సిలోన్‌కి వస్తోంది. అందులో జేమ్స్ హార్స్‌బర్గ్ అనే కుర్రాడు ఫస్ట్ మేట్. స్కాట్లాండ్ వాడు, వయసు పాతికలోపే. చార్టు ప్రకారం ముందు దారి ఖాళీ. కానీ ఓడ వెళ్లి డియెగో గార్షియా దీవికి కొట్టుకుంది. కారణం ఏంటంటే, చార్టు మీద ఆ దీవిని తప్పు చోట వేశారు.

నాకు ఈ మనిషి ఎందుకు నచ్చాడంటే, ఆ తర్వాత అతను చేసిన పని వల్ల. తిట్టుకుంటూ కూర్చోలేదు. తర్వాత ఇరవై ఏళ్లు ఎక్కడికి వెళ్తే అక్కడ లోతులు, గాలులు, ప్రవాహాలు రాసిపెట్టుకున్నాడు. ఇతర ఓడల లాగ్ పుస్తకాలు కూడా పోగేశాడు. 1809 నుంచి 1811 మధ్య అదంతా రెండు సంపుటాల పుస్తకంగా వచ్చింది. తర్వాతి రోజుల్లో దాన్నే ‘ఇండియా డైరెక్టరీ’ అన్నారు. 1810లో ఈస్టిండియా కంపెనీ అతన్నే తన హైడ్రోగ్రాఫర్‌గా పెట్టుకుంది. అతను 1836లో చనిపోయాక కూడా ఆ పుస్తకం కొత్త ముద్రణలు పొందింది.

సరే, చార్టు ఉండగా ఈ పుస్తకం ఎందుకు? చార్టు అంటే పైనుంచి చూసిన బొమ్మ. అది లోతెంతో, రాయి ఎక్కడుందో చెప్తుంది. కానీ ఓడ మీద నిలబడ్డవాడికి తీరం పక్కనుంచి కనిపిస్తుంది. ఆ కొండ ఏ ఆకారంలో కనిపిస్తుంది, ఏ నెలలో గాలి ఎటు, లంగరు ఎక్కడ నిలుస్తుంది, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఇవన్నీ పుస్తకమే చెప్పాలి. దీన్నే పైలట్ పుస్తకం అంటారు. రెండిట్లో ఒకటి లేకపోతే రెండోది సగం గుడ్డిది.

ఇది యూరోపియన్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట, క్రీ.శ. మొదటి శతాబ్దంలో, ఈజిప్టులో ఉండే ఒక గ్రీకు వర్తకుడు ‘పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ’ అనే చిన్న పుస్తకం రాశాడు. పేరు మాత్రం రాసుకోలేదు మహానుభావుడు. ఏ రేవు తర్వాత ఏ రేవు, ఏ సరుకు ఎక్కడ, ఈజిప్టు నుంచి జులైలో బయల్దేరాలి, అన్నీ ఉంటాయి. భరూచ్ దగ్గర నర్మద ముఖద్వారం గురించి రాసిన భాగం చదివితే ఆయన నిజంగానే భయపడ్డాడనిపిస్తుంది. అక్కడ ఇసుక మేటలు, ఒక్కసారిగా విరుచుకుపడే పోటు. అందుకని రాజుగారి కొలువులో ఉన్న స్థానిక జాలర్లు పెద్ద పడవల్లో ఎదురొచ్చి, ఓడల్ని దారి చూపిస్తూ లోపలికి తీసుకెళ్లేవాళ్లట. ఖంభాత్ సింధుశాఖలో పోటుపాట్ల తేడా చాలా ఎక్కువ, మన దేశంలోనే పెద్దది. విశాఖలో ఒకటిన్నర మీటరు ఉంటే గొప్ప.

మన తీరం గురించి కూడా అందులో ఉంది. మసాలియా అన్నాడు, అది మచిలీపట్నం ప్రాంతమే. అక్కడ సన్నని బట్టలు బాగా తయారవుతాయని రాశాడు. అయితే తూర్పు తీరం వచ్చేసరికి వివరాలు పల్చబడతాయి. ఆయన ఇటువైపు స్వయంగా రాలేదని, విన్నది రాశాడని పండితుల అంచనా. నాకూ అలాగే అనిపిస్తుంది. చూసి రాసినవాడు ఇసుక మేటల గురించి చెప్తాడు, విని రాసినవాడు బట్టల గురించి చెప్తాడు.

తర్వాత అరబ్బుల పుస్తకాలు, పోర్చుగీసు వాళ్ల రొటెయిరోలు వచ్చాయి. 1584లో వాగెనార్ అనే డచ్చి పైలట్ చార్టుల్నీ, దారి వివరాల్నీ, పక్కనుంచి కనిపించే తీరం బొమ్మల్నీ కలిపి ఒకే పుస్తకంగా అచ్చువేశాడు. అది ఎంత వాడుకలోకి వచ్చిందంటే, ఇంగ్లిష్ నావికులు అలాంటి పుస్తకం దేన్నైనా ‘వాగనర్’ అనే అనేవాళ్లు. మనం ఏ ఫొటోకాపీనైనా జిరాక్స్ అన్నట్టు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1820 అనుకోండి. మీరు మద్రాసులో ఉన్నారు, తెరచాప ఓడలో విశాఖపట్నం వెళ్లాలి. సూటిగా కొలిస్తే సుమారు 600 కిలోమీటర్లు. ప్లాన్ ఎక్కడ మొదలవుతుంది? చార్టు దగ్గర కాదు, క్యాలెండర్ దగ్గర. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి వెనకనుంచి తోస్తుంది, తీరం వెంట ప్రవాహం కూడా ఉత్తరానికే పోతుంది. సుఖంగా వెళ్లిపోవచ్చు. అదే ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక రెండూ తిరగబడతాయి. పైగా తుపానులు. కోరమాండల్ తీరంలో ఓడ దాక్కోవడానికి సహజమైన రేవులు దాదాపు లేవు. మద్రాసులో అయితే ఓడలు బయట సముద్రంలోనే లంగరేసేవి. మనుషులూ సరుకులూ మసూలా పడవల్లో, కొబ్బరి పీచుతో పలకలు కుట్టిన పడవలవి, అలల మీదుగా ఒడ్డుకి వచ్చేవాళ్లు. అందుకే అక్టోబర్ 15న మద్రాసు కోట మీద జెండా కర్ర దించేసేవాళ్లు. అంటే, ఇక ఇక్కడ ఉండొద్దు, వెళ్లిపోండి అని.

నెల కుదిరింది, జూన్ అనుకుందాం. ఇప్పుడు చార్టు తెరవాలి. ముందు వచ్చేది కృష్ణా గోదావరి డెల్టా. ఇదే కష్టమైన ముక్క. నేలంతా పలక మీద గీత గీసినట్టు చదునుగా ఉంటుంది, కొండ లేదు గుట్ట లేదు. తాటిచెట్లు కనిపించేసరికే మీరు ఒడ్డుకి మరీ దగ్గరకొచ్చేసినట్టు. రాత్రి పూట అసలేమీ కనబడదు. మరెలా? తాడుకి సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదిలేవాళ్లు. లోతు తెలుస్తుంది. అంతే కాదు, గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో కొవ్వు పూసేవాళ్లు. కింద ఇసుకుంటే ఇసుక, బురదుంటే బురద అంటుకుని పైకొస్తుంది. చార్టులో అంకె పక్కన అడుగు ఎలాంటిదో కూడా రాసి ఉంటుంది. చీకట్లో చేత్తో తడిమి దారి తెలుసుకోవడం లాంటిదన్నమాట.

ఇక్కడ ఒక ముచ్చట. ఇంగ్లిష్ చార్టుల్లో లోతు ఫాథమ్‌లలో ఉండేది. ఫాథమ్ అంటే రెండు చేతులూ చాచినంత పొడవు, ఆరు అడుగులు. మన బార కూడా సరిగ్గా అదే కదా! బావిలో నీళ్లు ఎన్ని బారలున్నాయి అని మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. అయితే దీన్లో ఒక ప్రమాదం ఉంది. పాత చార్టులో 5 అని ఉంటే ఐదు బారలు, అంటే తొమ్మిది మీటర్లు. కొత్త చార్టులో 5 అంటే ఐదు మీటర్లే. చార్టు మూలన ఏ కొలతలో ఉందో చూడకుండా బయల్దేరితే ఓడ అడుగు తగులుతుంది.

కాకినాడ దాటాక ఊపిరి పీల్చుకోవచ్చు, తూర్పు కనుమలు కనిపించడం మొదలవుతాయి. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంతో దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. ఇంకా పైకి పోయేవాళ్లకి భీమునిపట్నం అవతల శాంతపిల్లి రాళ్లు ఉన్నాయి, వాటి గురించి హెచ్చరించడానికే 1847లో అక్కడ లైట్‌హౌస్ కట్టారు. ఒడిశా తీరంలో మళ్లీ చదును నేల. అక్కడ నావికులకి గుర్తులు గుళ్లే. పూరీ ఆలయాన్ని తెల్ల పగోడా అని, కోణార్క్‌ని నల్ల పగోడా అని పిలిచేవాళ్లు.

ఈ తీరాన్ని కొలిచినవాళ్లలో మైకేల్ టాపింగ్ పేరు మనం గుర్తుపెట్టుకోవాలి. 1780ల చివర్లో కోరమాండల్ తీరం సర్వే చేశాడు. 1794లో మద్రాసులో సర్వే స్కూల్ పెట్టాడు, నేటి గిండీ ఇంజినీరింగ్ కాలేజీ మూలం అదే. 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు. ఆయన పటాలు గీసిన రోజుల్లో కోరంగి పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది. ఒండ్రుమట్టి కూడా పూడ్చుకుంటూ వచ్చింది. కాకినాడ ముందు నేడు పొడవుగా కనిపించే హోప్ ఐలాండ్ కూడా గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో ఏర్పడిందే. అంటే టాపింగ్ ఎంత జాగ్రత్తగా గీసినా, ఆ పటం పట్టుకుని నేడు కాకినాడ వస్తే నీళ్లుండాల్సిన చోట నేల ఎదురవుతుంది. మనిషి తప్పు చేయలేదు, నది తన పని తాను చేసింది.

అందుకే చార్టుకి ఒక తేదీ ఉంటుంది, దానికి దిద్దుబాట్లు వస్తూనే ఉంటాయి. మన దేశంలో ఆ పని చేసేది నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్. 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే డిపార్ట్‌మెంట్‌గా మొదలై, 1954లో డెహ్రాడూన్‌కి మారింది. అవును, సముద్రం చార్టులన్నీ హిమాలయాల పక్కన తయారవుతాయి! ఎక్కడ మేట పెరిగింది, ఏ దీపం ఆరిపోయింది, ఏ ఓడ మునిగి దారికి అడ్డం పడింది అని ప్రకటనలు ఇస్తుంటారు. కాగితం చార్టు ఉన్నవాళ్లు వాటిని చూసి చేత్తో దిద్దుకోవాలి. ఎలక్ట్రానిక్ చార్టు వాడేవాళ్లు అప్‌డేట్ చేసుకోవాలి. ఆ తర్వాత బయల్దేరేముందు, వెళ్లాల్సిన గీత మొత్తం మొదటి నుంచి చివరిదాకా, పూర్తిగా జూమ్ చేసి ఒకసారి చూసుకోవాలి.

మసూలా పడవల గురించి కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు. మేకు ఒక్కటీ లేకుండా కుట్టిన పడవ అంత అలల దెబ్బకి ఎలా తట్టుకునేదో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.